‘అయ్యాక’ పోయి ‘గానే’ రావాలి

సంపాదకులకు నమస్కారం.

ఏ పత్రికలో ఆరోగ్యం పేజీ తిప్పినా ‘వర్తమానంలో జీవించండి’ అనే సలహా తరచుగా కనిపిస్తుంది. మంచి సలహాయే. కాకపోతే అది చదివి పేపరు మడిచి పక్కన పెట్టిన మనిషి ఆ తర్వాత ఏం చెయ్యాలో అందులో ఉండదు. కళ్లు మూసుకుని ఊపిరి గమనించమంటారు. పది నిమిషాలు గమనించి లేస్తే మళ్లీ అదే ఎదురుచూపు. అందుకే ఆ సలహాని పనిలోకి దించే పద్ధతి గురించి కాస్త వివరంగా రాస్తున్నాను. పెద్ద ఉత్తరమే అయింది, మన్నించి చోటివ్వగలరు.

జీవితం ఇంకా మొదలుకాలేదు అనుకునేవాళ్లు బద్ధకస్తులు కారు. చాలామంది పొద్దున్నుంచి రాత్రి దాకా ఒళ్లొంచి పనిచేసేవాళ్లే. వాళ్ల చిక్కంతా ఒక చిన్న మాటలో ఉంది: ‘అయ్యాక’. చదువయ్యాక, ఉద్యోగం వచ్చాక, అప్పు తీరాక, పిల్లలు చేతికి అందాక, రిటైరయ్యాక. వినడానికి ఇది ప్రణాళికలాగే ఉంటుంది. కానీ ప్రణాళికకి ఒక తేదీ ఉంటుంది, మొదట చెయ్యాల్సిన పని ఒకటి ఉంటుంది. ‘అయ్యాక’కి ఆ రెండూ ఉండవు. షరతు ఒక్కటే ఉంటుంది. ఆ షరతు తీరేలోపు దాని పక్కన ఇంకోటి మొలుస్తుంది.

ఈ మాటని మనం అంత తేలిగ్గా ఎందుకు నమ్ముతామంటే, ఇవాళ్టి రోజు కళ్లెదురుగా ఉంటుంది కాబట్టి అందులోని పనులన్నీ కనిపిస్తాయి. ఆరు నెలల తర్వాతి రోజు దూరంగా ఉంటుంది కాబట్టి ఖాళీగా కనిపిస్తుంది. గాల్ జౌబర్‌మన్, జాన్ లించ్ అనే పరిశోధకులు 2005లో చూపించింది ఇదే. ముందుముందు చేతిలో డబ్బు మిగులుతుందని నమ్మేదానికన్నా, తీరిక మిగులుతుందని మనుషులు ఎక్కువగా నమ్ముతారట. తీరా ఆ రోజు దగ్గరికి వచ్చాక చూస్తే అదీ ఇవాళ్టిలాగే నిండిపోయి ఉంటుంది. షరతు ఎప్పుడు తీరుతుందన్న లెక్క కూడా మనకి సరిగా రాదు. 1994లో రోజర్ బ్యూలర్, ఆయన సహచరులు డిగ్రీ చివర్లో థీసిస్ రాస్తున్న విద్యార్థులని ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని రోజులని అడిగితే దాదాపు 49 అన్నారు. నిజంగా పట్టింది 55 రోజుల పైనే. తన పని గురించి తను వేసుకున్న లెక్కే ఇంత తప్పితే, ఇతరుల చేతుల్లో ఉన్న ఉద్యోగం, బదిలీ, కోర్టు తీర్పు లాంటి వాటి మీద బతుకంతా వేలాడదీస్తే ఏమవుతుందో ఆలోచించండి.

కష్టమైన పనులే వాయిదా పడతాయనుకుంటాం. అదీ నిజం కాదు. సుజాన్ షు, ఊరీ గ్నీజీ 2010లో ఒక చిన్న ప్రయోగం గురించి రాశారు. కొందరికి మూడు వారాల గడువుతో, మరికొందరికి రెండు నెలల గడువుతో ఒకే రకం గిఫ్ట్ వోచర్ ఇచ్చారు. ఎక్కువ గడువున్నవాళ్లే తప్పకుండా వాడతామని ఎక్కువ ధీమాగా ఉన్నారు. చివరికి మూడు వారాల వాళ్లలో 31 శాతం మంది వాడుకున్నారు, రెండు నెలల వాళ్లలో 6 శాతం మంది. పాల్గొన్నవాళ్లు తక్కువే కాబట్టి ఆ అంకెలని గీటురాయిగా తీసుకోనక్కర్లేదు. కానీ అది చూపించిన దారి చాలా ముఖ్యం. సుఖపడటానికి కూడా మనకి గడువు కావాలి. గడువు లేని ఇష్టం అటకెక్కుతుంది.

ఇక పద్ధతికి వస్తాను. ఒక కాగితాన్ని అడ్డంగా పెట్టి మూడు గళ్లు గియ్యండి. మొదటి గడిలో మీరు నోటితో అనే ‘అయ్యాక’ మాటలని ఉన్నవి ఉన్నట్టు రాయండి. మెరుగులు దిద్దవద్దు. ఎనిమిదో పదో రాసేదాకా లేవవద్దు. మొదటి మూడు నాలుగు అందరూ అనేవే వస్తాయి, అసలువి వాటి తర్వాతే బయటపడతాయి. రెండో గడిలో ఒక్కో మాట పక్కన అందులోని షరతు రాయండి. మూడో గడిలో ఒకే ప్రశ్నకి జవాబు రాయండి: ఈ షరతు తీరకుండా ఆ పనిలో వీసమెత్తు కూడా జరగదా?

జవాబులు మూడు రకాలుగా వస్తాయి. విరిగిన ఎముక అతికాక పరుగు మొదలుపెడతాననడం న్యాయమైన షరతు. దాన్ని అలాగే ఉంచాలి. సొంత ఇల్లు కట్టుకున్నాక తోట పెంచుతాననేది రెండో రకం. తోటకి నేల కావాలి, నిజమే. ఒక్క మొక్కకి అక్కర్లేదు, కుండీ చాలు. షరతు తోట పరిమాణానికే గానీ పెంచే పనికి కాదు. మూడో రకం, బరువు తగ్గాక పాత స్నేహితులని కలుస్తాననడం. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు, ఊరికే ముడిపడ్డాయి. ఈ మూడో రకం వెనక చాలాసార్లు సిగ్గో భయమో ఉంటుంది. అలాంటప్పుడు తగ్గించాల్సింది బరువు కాదు, ఎదురుగా ఉండే మనుషుల సంఖ్య. పదిమంది చేరేచోటికి వెళ్లలేకపోతే ఒక్కరిని కలవండి.

రెండో రకానికి ‘ముక్క కొయ్యడం’ తెలియాలి, అంటే పెద్ద పనిలోంచి ఇవాళే చెయ్యగలిగే చిన్న భాగాన్ని విడదియ్యడం. ముక్క ఇరవై నిమిషాల్లో అయిపోవాలి, ఇంట్లో ఉన్నవాటితోనే అవ్వాలి, ఏదీ కొననక్కర్లేనిదై ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, అది ఆ పనే అయి ఉండాలి, పనికి సన్నాహం కాకూడదు. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. బొమ్మలు వెయ్యడం గురించి వీడియోలు చూడటం బొమ్మ వెయ్యడం కాదు. మంచి పుస్తకాల జాబితా రాసుకోవడం చదవడం కాదు. పరీక్ష సులువే: ఇరవై నిమిషాల తర్వాత శాశ్వతంగా ఆగిపోయినా ఆ పని కొంత జరిగినట్టేనా? జరిగినట్టే అనిపిస్తే అది ముక్క. లేదంటే అది ‘అయ్యాక’కి ఇంకో రూపం.

ఎప్పుడో కొన్న రంగుల డబ్బానే తీసుకోండి. విడిగా గది అమరాక బొమ్మలు వేద్దామని అటక మీద పెట్టారు. అవి వాటర్ కలర్లయితే గొట్టంలో గట్టిపడినా బెంగ లేదు. గొట్టం చీల్చి ఆ ముద్దని ఒక మూతలో వేసి నాలుగు చుక్కల నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచితే మళ్లీ కుంచెకి వస్తుంది. అక్రిలిక్ రంగులైతే గట్టిపడ్డాక ప్లాస్టిక్‌తో సమానం, నీళ్లు పోసినా కరగవు. కొన్ని కోరికలు నీళ్లు పోస్తే తేరుకునేవి, కొన్ని తేరుకోనివి. ఏది ఏదో డబ్బా కిందికి దించితేనే తెలుస్తుంది. దించినరోజు బొమ్మ వెయ్యాలని పట్టు పట్టనక్కర్లేదు. ఒక రంగు తీసుకుని, కాగితం మీద చిక్కటి చారతో మొదలుపెట్టి, నీళ్లు కలుపుతూ ఏడెనిమిది చారల్లో పలచబరుస్తూ వెళ్లండి. ఇరవై నిమిషాలు పట్టదు. అది చిత్రకళలో మొదటి పాఠమే, సన్నాహం కాదు. కాగితం మెలితిరిగితే నీళ్లు ఎక్కువయ్యాయని, చార మధ్యలో తెల్లటి గీతలు మిగిలితే తక్కువయ్యాయని చెయ్యికే అర్థమవుతుంది.

ముక్క కోశాక దాన్ని ఎక్కడ తగిలించాలన్నది మిగిలిన సగం. ఇక్కడ తెలుగు వ్యాకరణమే మనకి సాయం చేస్తుంది. ‘ఆక’ తీసేసి ‘గానే’ పెట్టండి. తీరిక దొరికాక అనే మాట పోయి, ‘బండి తాళం మేకుకి తగిలించగానే’ అనే మాట రావాలి. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ రకం వాక్యాల మీద చాలాకాలం పనిచేశారు. ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని ముందే తేల్చుకున్నవాళ్లు, చెయ్యాలి అని మాత్రమే అనుకున్నవాళ్ల కన్నా బాగా చేస్తారని, 94 ప్రయోగాలని కలిపి ఆయన, పాస్కల్ షీరన్ 2006లో లెక్క తేల్చారు. కారణం సులువే. పని చేసే క్షణంలో ఎప్పుడు, ఎక్కడ అని మళ్లీ తర్జనభర్జన పడనక్కర్లేదు, ఆ తీర్పు ముందే ఇచ్చేశారు.

‘గానే’కి ముందు వచ్చే సంగతి రోజూ జరిగేదై ఉండాలి, కంటికి కనపడేదై ఉండాలి, ముగిసిందని స్పష్టంగా తెలిసేదై ఉండాలి. తాళం తగిలించడం, పళ్లు తోముకోవడం, ఇంటి తలుపు గడియ వెయ్యడం పనికొస్తాయి. ‘ఖాళీ దొరకగానే’, ‘మనసు కుదుటపడగానే’ పనికిరావు. వేషం మార్చిన ‘అయ్యాక’లవి. ఇంకో మాట. ముక్కకి కావాల్సిన వస్తువు ఆ చోటే చేతికందేలా ఉండాలి. తాళం మేకు ముందుగదిలో ఉండి, కుంచె పడగ్గది అలమారాలో ఉంటే మధ్యలో ఉన్న సోఫా గెలుస్తుంది.

పది కోరికలకీ ఒకేసారి ‘గానే’ రాసుకుంటే రెండో వారానికి ఒక్కటీ మిగలదు. ఒక్కటే తీసుకోండి. అలవాటు ఇరవై ఒక్క రోజుల్లో పడుతుందన్న మాట కూడా నమ్మవద్దు. ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో 96 మంది పాల్గొన్నారు. కొత్త పని దానంతటదే జరిగే స్థితికి రావడానికి మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పడుతుందని అంచనా కట్టారు, వరసలో సరిగ్గా మధ్యన నిలిచిన అంకె 66. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు. ఒకరోజు తప్పగానే ‘ఇక మళ్లీ ఒకటో తారీకు నుంచి’ అనుకోవడమే అసలు నష్టం. ఆ ఒకటో తారీకు కూడా ‘అయ్యాకే’.

మనుషుల విషయంలో మాత్రం ఆలస్యం ఎంతమాత్రం కూడదు. వయసు మళ్లిన తల్లి దగ్గరో తండ్రి దగ్గరో తీరిగ్గా కూర్చుని వాళ్ల సంగతులు వినాలని చాలామందికి ఉంటుంది. సెలవులొచ్చాక, వాళ్లని మన దగ్గరికి తెచ్చుకున్నాక అనుకుంటాం. దీనికి మాత్రం ముక్క ఇరవై కాదు, నలభై నిమిషాలు, ఒక ఫోను. వాళ్లు చురుగ్గా ఉండే వేళ ఎంచుకోండి. ఫ్యాను ఆపండి, రికార్డింగులో ఫ్యాను హోరు మాటని మింగేస్తుంది. ఫోనుని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మధ్యలో కాల్ వచ్చి రికార్డింగు ఆగిపోవచ్చు. దాన్ని నేరుగా బల్ల మీద కాకుండా మడత పెట్టిన గుడ్డ మీద, వాళ్లకి జానెడు మూరెడు దూరంలో ఉంచండి. పది సెకన్లు రికార్డు చేసి విని చూసుకోండి. ‘నీ జీవితం గురించి చెప్పమ్మా’ అని అడిగితే ‘ఏముంది చెప్పడానికి’ అనే జవాబే వస్తుంది. ‘నీ చిన్నప్పటి ఇంట్లో గుమ్మం దాటగానే ఎడమ పక్కన ఏముండేది?’ అని అడగండి. వస్తువు అడిగితే మనుషులు వస్తారు. వాళ్లు ఆగినప్పుడు వెంటనే ఇంకో ప్రశ్న వెయ్యకండి, మనసులో పది లెక్కపెట్టండి. ఎక్కువసార్లు అసలు మాట ఆ నిశ్శబ్దం తర్వాతే వస్తుంది. తేదీలు తప్పు చెబితే సరిదిద్దవద్దు. ఫైలుకి పేరు, తేదీ పెట్టి ఆ రోజే ఇంకోచోట కాపీ చేసుకోండి. ఒకే ఫోనులో ఉన్న గొంతు ఆ ఫోనుతోనే పోతుంది.

నిజంగా ఎదురుచూడక తప్పని రోజులూ ఉంటాయి. పరీక్ష ఫలితం, బయాప్సీ రిపోర్టు, ఇంటర్వ్యూ కబురు. ఆ రోజుల్లో ‘దాని గురించి ఆలోచించకు’ అనడం క్రూరం, ఎవరికీ సాధ్యం కూడా కాదు. థామస్ బోర్కోవెక్, ఆయన సహచరులు 1983లో పరీక్షించిన పద్ధతి దీనికి బాగా పనికొస్తుంది. బెంగపడటానికి రోజూ ఒకే వేళ, ఒకే చోట అరగంట కేటాయించాలి. మిగతా వేళల్లో బెంగ వస్తే దాన్ని ఒక్క మాటలో చీటీ మీద రాసి, ఆ అరగంటకి అప్పగించి, చేతిలో ఉన్న పనిలోకి రావాలి. అరగంట వచ్చినప్పుడు నిజంగా కూర్చుని చీటీలన్నీ చదివి, చెయ్యగలిగినవాటి పక్కన చేసే పని రాయాలి, చెయ్యలేనివాటి పక్కన గీత గియ్యాలి. మంచం మీద పడుకుని చెయ్యకూడదు, నిద్రపోయే ముందూ కూడదు. ఇందులో జరిగే పొరపాటు ఒకటే. కాస్త తేలికపడ్డాక మూడోరోజు ఆ అరగంటకి కూర్చోవడం మానేస్తారు. అప్పుడు ‘తర్వాత చూద్దాం’ అన్న మాటకి మనసు దగ్గర విలువ పోతుంది. బెంగ మళ్లీ వేళాపాళా లేకుండా తలుపు కొడుతుంది.

ఇక మనసు నిలపడం గురించి. 2010లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ దాదాపు 2,250 మందిని ఫోను ద్వారా రోజులో వేర్వేరు వేళల్లో పలకరించి, ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసెక్కడుంది, ఎలా ఉన్నారు అని అడిగారు. 46.9 శాతం సార్లు మనసు చేసే పనిలో లేదు. మనసు పనిలో లేనప్పుడు జనం తక్కువ సంతోషంగా ఉన్నారు. ఆహ్లాదకరమైన సంగతి తలుచుకుంటున్నా సరే, చేస్తున్న పనిలో ఉన్నప్పటి కన్నా ఎక్కువ సంతోషమేమీ దక్కలేదు. కాబట్టి రేపటి గురించిన తీపి ఊహ కూడా ఇవాళ్టిని మించినదేం కాదు. సాధన చెయ్యాలంటే రోజూ చేసే ఒక పనిలో రెండు నిమిషాలు చాలు. స్నానం చేస్తున్నప్పుడు నీళ్లు మొదట ఎక్కడ తగిలాయి, ఎంత వేడిగా ఉన్నాయి, కిందపడే చప్పుడు ఎలా ఉంది, అంతే. మనసు పోతుంది. పోయిందని తెలిసిన క్షణంలో వెనక్కి తేవాలి. రెండు నిమిషాల్లో పదిసార్లు తేవాల్సి వచ్చిందంటే విఫలమైనట్టు కాదు, పదిసార్లు సాధన చేసినట్టు. ఆలోచనలే రాకూడదని పట్టుపట్టినవాళ్లు వారంలో విసిగి వదిలేస్తారు.

గమ్యం చేరితే అన్నీ సర్దుకుంటాయన్న నమ్మకాన్ని కూడా ఒకసారి తట్టి చూసుకోవాలి. 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం లాటరీలో పెద్ద మొత్తాలు గెలిచిన 22 మందిని మామూలు మనుషులతో పోల్చింది. గెలిచినవాళ్లు చెప్పుకోదగ్గంత ఎక్కువ సంతోషంగా లేరు. పైగా కబుర్లు చెప్పుకోవడం, పత్రిక చదవడం లాంటి రోజువారీ చిన్న సుఖాల్లో వాళ్లకి ఆనందం తగ్గింది. దీన్ని మీ జీవితంలో పరీక్షించడానికి లాటరీ అక్కర్లేదు. మీరు ఎదురుచూస్తున్నది జరిగిపోయిందనుకోండి. జరిగిన నెల తర్వాత వచ్చే ఒక మామూలు మంగళవారం ఎలా ఉంటుందో నిద్రలేచినప్పటి నుంచి పడుకునేదాకా గంట గంటకీ రాయండి. పండగలు, ప్రయాణాలు రాయవద్దు, ఉత్త మంగళవారం. రాశాక ఇవాళ కూడా చెయ్యగలిగినవాటి కింద గీత గియ్యండి. తెల్లారగట్ట నడక, మధ్యాహ్నం అరగంట నిద్ర, సాయంత్రం పిల్లలతో ఆట అని ఉంటాయి. ఆ గీతలు గీసినవే మీ మొదటి ‘గానే’లకి ముడిసరుకు.

రేపటి కోసం పొదుపు చెయ్యవద్దని గానీ, చదువు మానెయ్యమని గానీ నేననడం లేదు. పొదుపుకి అంకె ఉంటుంది, చదువుకి పాఠం ఉంటుంది, అవి ఇవాళ జరిగే పనులే.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. మంచాన పడినవాళ్లని చూసుకునేవాళ్లకి, ఇల్లంతా ఒంటిచేత్తో నెట్టుకొచ్చేవాళ్లకి ఇరవై నిమిషాలు వాళ్లంతట వాళ్లు తీసుకుంటే దొరకవు. అలాంటి మనిషికి ‘నీకోసం నువ్వు సమయం కేటాయించుకో’ అని సలహా ఇవ్వడం అన్యాయం. ఆ సమయాన్ని ఇంట్లో మిగతావాళ్లు ఇవ్వాలి. వారానికి ఒక గంట, ఏ రోజో ఏ వేళో ముందే చెప్పి, ఆ గంటలో ఆ మనిషి చేసే పనంతా ఇంకొకరు పూర్తిగా తీసుకోవాలి. ‘మాత్రల డబ్బా ఎక్కడుంది?’ అని గదిలోంచి కేకేస్తే ఆ గంట ఇచ్చినట్టు కాదు. ఏ వస్తువు ఎక్కడుందో, ఏది ఎప్పుడు చెయ్యాలో ముందురోజే అడిగి రాసుకోవాలి.

ఇంకో హెచ్చరిక. దేని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులు, నిద్ర, ఆకలి దెబ్బతినడం దాదాపు రోజూ ఉంటూ రెండు వారాలు దాటితే, అది వాయిదా వేసే అలవాటు కాకపోవచ్చు, డిప్రెషన్ కావచ్చు. కాగితం, గళ్లు పక్కన పెట్టి డాక్టరుని కలవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు కూడా ఆగకూడదు, ఆ రోజే కలవాలి.

చివరగా మీకొక విన్నపం. ఈసారి ఇలాంటి సలహా వేసినప్పుడు దాని పక్కనే పావు పేజీలో ఆ మూడు గళ్ల పట్టికని ఖాళీగా అచ్చు వెయ్యండి. వరుసకి రెండు వేళ్ల ఎత్తు ఉంటే పెద్ద అక్షరాలవాళ్లకీ సరిపోతుంది. న్యూస్‌ప్రింట్ మీద ఇంకు పెన్ను పాకుతుంది కాబట్టి పెన్సిల్‌తో గానీ బాల్‌పెన్‌తో గానీ రాయమని కింద ఒక మాట వెయ్యండి. పాఠకులు పేపరు మడవగానే మొదటి వరుస నింపుతారు.

ఇట్లు,
మీ పాఠకురాలు